మరుగున చేయుట, మరువకుండుట

(చదువవలసిన వాక్యభాగములు: నిర్గమ 1:15–21, మత్తయి 6:1–4, రోమా 16:1–23, యాకోబు 5:1–4)



తెనాలి స్టేషనులో రేపల్లె బండి ఎక్కినప్పుడు కిటికీ ప్రక్కన కూర్చుండి చూడుడి. కాలువ గట్లు, మాగాణి పొలములు, అరటితోటలు దాటుచు పోవునప్పుడు పల్లె పల్లెకు ఒక గుడి కనబడును. మా తాతల కాలమున అది తాటాకు పాక. మా తండ్రుల కాలమున పెంకుటిల్లు. ఇప్పుడు స్లాబు, గోపురము, గోపురము మీద రాత్రివేళ వెలుగు సిలువ. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే ఆ గుడి ముందర వెదురు కర్రలకు కట్టిన ఫ్లెక్సీని కూడ చూడుడి. ప్రసంగీకుని ముఖము గుమ్మమంత ఉన్నది. ఆయన పేరునకు ముందు మూడు బిరుదులు, వెనుక రెండు బిరుదులు. ప్రక్కన ఆయన భార్య, క్రింద సంఘపెద్దలు, ఇంకను క్రింద చందాదారులు వరుసగా ఉన్నారు. ప్రభువైన యేసు నామము ఎక్కడ ఉన్నదో వెదకుడి. తరచుగా అది అడుగున, ఫ్లెక్సీ వేసిన దుకాణము వారి ఫోను నంబరునకు కొంచెము పైన ఉండును.

నవ్వించుటకు నేను ఈ మాట వ్రాయలేదు. అట్టి ఫ్లెక్సీ మీద నా ముఖము కూడ ఉండెను. నేను దానిని చూచి సంతోషించితిని.

కావున ఈ నెల నేను మీ యెదుట పెట్టునది ఓదార్పు మాట కాదు, ఒక వ్యాజ్యెము. ప్రతివాదులలో నేనే మొదటివాడను. మన మీద మోపవలసిన నేరములు రెండు. మనుష్యులు చూడవలెనని సేవ చేయుచున్నాము, ఇది మొదటిది. మనుష్యులు చూడని చోట సేవ చేయువారిని మరచిపోవుచు, ఆ మరపు మీద ఒక వాక్యమును దుప్పటివలె కప్పుచున్నాము, ఇది రెండవది. మొదటి నేరమును గూర్చి మీరు అనేక ప్రసంగములు వినియున్నారు. రెండవ దానిని గూర్చి ఎవరును మాటలాడరు. రెండవదే పెద్దదని నేను చెప్పుచున్నాను.

దేవుని లెక్క పుస్తకము

మొదట లేఖనములను చూతము. నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఐగుప్తు రాజు ఒకడు ఉన్నాడు. ధాన్యాగార పట్టణములు కట్టించినవాడు, సైన్యములు గలవాడు, లోకము వణికిన ప్రభువు. అతని పేరేమి? ఆ గ్రంథములో లేదు. ఫరో అనునది బిరుదే గాని పేరు కాదు. అదే అధ్యాయములో ఇద్దరు మంత్రసానులు ఉన్నారు. రాత్రివేళ పిలిచిన ఇంటికి పోవువారు, రక్తము కడుగువారు, పసిబిడ్డను తల్లి ప్రక్కలో పెట్టి తెల్లవారుజామున ఇంటికి తిరిగి వచ్చువారు. వారి పేర్లు షిఫ్రా, పూయా. మగబిడ్డలను చంపుమని రాజు చెప్పెను, వారు చంపలేదు. పరిశుద్ధాత్మ ఆ రాజు పేరు విడిచిపెట్టి, ఆ మంత్రసానుల పేర్లు వ్రాయించెను. బిరుదుల మీద ఆశగలవారు ఈ అధ్యాయమును మోకాళ్ల మీద ఉండి చదువవలెను.

సిరియా సేనాధిపతియైన నయమాను ఇంట ఒక చిన్నది ఉండెను. ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టబడి వచ్చిన దాసి. తన్ను ఇల్లు వాకిలి లేకుండ చేసిన జనుల ఇంట ఊడిగము చేయుచు, యజమానుడు కుష్ఠరోగముతో బాధపడుట చూచి, షోమ్రోనులో ఉన్న ప్రవక్తయొద్దకు పోయిన యెడల బాగుపడునని యజమానురాలితో ఒక్క మాట చెప్పెను. ఆ మాట వలననే అంతటి సేనాధిపతి యొర్దాను నదిలో మునిగి శుద్ధుడయ్యెను. తరువాత ఆ చిన్నది ఏమయ్యెనో లేఖనము చెప్పదు. పేరు లేదు, బహుమానము లేదు. అయినను ఆమె మాట ఈ రోజు వరకు నిలిచియున్నది.

కానా పెండ్లిలో ద్రాక్షారసమును రుచిచూచి మెచ్చుకొన్నవాడు విందు ప్రధాని. అది ఎక్కడనుండి వచ్చెనో ఆయనకు తెలియదు. నీళ్లు తోడిన పరిచారకులకు తెలియును అని యోహాను ప్రత్యేకముగా వ్రాసెను. చూచితిరా! పై పీట మీద కూర్చున్నవానికంటె ముందుగా కడవ మోసినవానికి ప్రభువు మహిమ తెలిసినది.

యెరూషలేము గోడ కట్టిన వారి జాబితా నెహెమ్యా మూడవ అధ్యాయములో ఉన్నది. అది పేర్ల పట్టిక గదా అని మనము దాటవేయుదుము. దాటవేయకుడి. మల్కీయా అనునతడు ఒక ప్రదేశమునకు అధిపతి. ఆయన ఏ భాగము బాగుచేసెను? పెంట గుమ్మము. ఊరి చెత్తయంతయు బయటికి పోవు గుమ్మమునకు ఒక అధిపతి తలుపులు నిలిపెను. అదే అధ్యాయములో తెకోవ ఊరి సామాన్యులు పని చేసిరి గాని వారి ఘనులు మాత్రము మెడ వంచలేదని ఉన్నది. వంగినవారిని, వంగనివారిని ఒకే పుస్తకములో దేవుడు వ్రాయించెను. మన గుడి శిలాఫలకములో ఇచ్చినవారి పేర్లు మాత్రమే ఉండును. దేవుని పుస్తకములో ఇయ్యనివారి లెక్క కూడ ఉండును. ఈ సంగతి మనకు భయము పుట్టించవలెను.

మన నేలమీద జరిగినది

ఇక మన నేలకు వత్తము. 1842 జూలై 31న హెయ్యరు అయ్యగారు గుంటూరు చేరిరి. ఆ పని పెరిగి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమయ్యెను. తెనాలి, రేపల్లె ప్రాంతముల పల్లెలలో ఎన్నో గుడులు ఆ వేరునుండి మొలిచినవే. బాపట్ల వైపు బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీవారు పనిచేసిరి. హెయ్యరుగారి పేరు మీకు తెలియును. తెలియుట మంచిదే. కాని ఆయన గాని, ఆయన వెనుక వచ్చిన దొరలు గాని ప్రతి పల్లెలోను కాపురముండలేదు గదా. పల్లెలో ఉన్నవాడు ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, సాయంకాలము ప్రార్థన జరిపి, రాత్రి జ్వరముతో ఉన్నవాని ప్రక్కన కూర్చున్నవాడు. ఉపదేశితో కూడ బైబిలు స్త్రీ ఉండెను. చేత సంచి పట్టుకొని కాలువ గట్టు వెంట నడచి, పురుషులు అడుగుపెట్టరాని ఘోషా ఇండ్లలోనికి వాక్యము మోసినది ఆమె. మీ ఇంట మొదట ప్రార్థన నేర్చినవారు ఎవరియొద్ద నేర్చిరో మీ ముసలివారిని అడుగుడి. దొర పేరు చెప్పువారు కొద్దిమంది. ఉపదేశి పేరో, బైబిలు స్త్రీ పేరో చెప్పువారే అనేకులు.

బాప్టిస్టు సంఘముల వారికి 1878వ సంవత్సరము తెలియును. అంతకు ముందు 1876 మొదలు గొప్ప కరవు. క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొనిరి. కూలి కొరకు, కూటి కొరకు మతములో చేరిరను మాట రాకూడదని ఆ పని నడచిన కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మన పిల్లలకు కూడ కంఠస్థము. క్లౌగారి పేరు కూడ కంఠస్థము. అయితే ఆ దినమున నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినది ఆయన కాదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరి తరువాత ఇద్దరుగా వంతులు మార్చుకొని ఇచ్చిరి. ఆ ఆరుగురి పేర్లు మీలో ఎందరు చెప్పగలరు? వ్రేళ్లు మడచి లెక్కింపుడి. నేను సెమినరీలో చదివి, సంఘ చరిత్ర పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను. నాకు ఆ సంఖ్య వచ్చును గాని ఆ ఆరు పేర్లు రావు. ఇది ఎవరి నేరము?

డాక్టరు అన్నా కుగ్లరుగారు 1883లో గుంటూరు వచ్చినప్పుడు పంపినవారు ఆమెను వైద్యమునకు నియమింపలేదు. బాలికల బడులకు, ఘోషా స్త్రీల మధ్య పనికి నియమించిరి. ఆమె ఆ పని చేయుచునే వచ్చిన రోగులను చూచెను. 1898లో ఆసుపత్రి తెరవబడెను. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. ఆసుపత్రికి ఆమె పేరు ఉండుట న్యాయమే. అయితే ఏ ఆసుపత్రియైనను డాక్టరు చేతితో మాత్రమే నడచునా? నీళ్లు కాచిన ఆయా, మలము ఎత్తిన తోటి, రక్తపు గుడ్డలు ఉతికిన చాకలి ఉండిరి గదా. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారి కుష్ఠరోగుల ఆసుపత్రిలో తెలుగు నర్సులు ఎందరో, తమ బంధువులే ముట్టని పాదములను నీళ్లతో కడిగి కట్లు కట్టిరి. మేడగదిలో ప్రభువు చేసిన పనిని మనము ఏడాదికి ఒక్కసారి, కడుగకమునుపే శుభ్రముగా ఉన్న పాదములకు చేయుచున్నాము. వారు పుండ్లకు, ప్రతి ఉదయమున చేసిరి. ఎవరు మహాకూటములో కూర్చున్నారో, ఎవరు మేడగదిలో ఉన్నారో మీరే నిర్ణయించుకొనుడి.

ఆ ఆదివారము

ఇప్పుడు నా నేరము చెప్పుదును. ఊరి పేరు చెప్పను. నేను కాపరిగా ఉన్న ఒక సంఘములో గుడికి క్రొత్త ముఖద్వారము కట్టితిమి. పైన ఆర్చి, ప్రక్కన నల్లరాతి ఫలకము. ఫలకము మీద బంగారు రంగుతో చందాదారుల పేర్లు, అన్నిటికంటె పైన నా పేరు. ప్రతిష్ఠ దినమున రంగు దీపముల తోరణములు కట్టించితిమి. ఆ ఉదయమున నేను ఎన్నుకొన్న వాక్యము మత్తయి ఆరవ అధ్యాయము. కుడిచెయ్యి చేయునది ఎడమచేతికి తెలియకూడదను బోధ మీద ముప్పావుగంట ప్రసంగించితిని. మన తండ్రి రహస్యమందు చూచువాడని, మరుగున సేవచేయువారికి ఆయనే ప్రతిఫలమిచ్చునని చెప్పి, మాదిరిగా మన గుడి ఊడ్చు అవ్వను చూడుడని మైకులో చూపించితిని. అందరును తిరిగి ఆమెను చూచిరి. ఆమె వెనుక తలుపు ప్రక్కన చాప మీద తల వంచుకొని కూర్చుండెను.

ఆరాధన ముగిసిన తరువాత అందరును ఆర్చి యొద్ద ఫోటో దిగుచుండగా ఆమె నాయొద్దకు వచ్చి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని మెల్లగా అడిగెను:

“అయ్యగారూ, దేవుడు రహస్యంగా చూస్తాడన్నారుగా. మరి నాకు మూడు నెలల డబ్బులు రావాలన్న సంగతి ఆయన చూశాడంటారా?”

నెలకు 500 రూపాయలు. మూడు నెలలకు 1,500. ఆర్చి పనికి డబ్బు చాలలేదని పెద్దలు ఆమె జీతము ఆపిరి. ఆ తీర్మానము జరిగిన రాత్రి నేను అధ్యక్ష పీఠములో ఉంటిని. అవ్వ మన మనిషే గదా, సర్దుకొనునులే అని ఎవరో అనిరి. నేను అవునంటిని. ఆనాటి రంగు దీపముల అద్దె ఒక్కటే ఆమె మూడు నెలల జీతముకంటె ఎక్కువ.

చదువరీ, నేను ముప్పావుగంట ప్రసంగించితిని. ఆమె ప్రసంగము అర నిమిషము. ఎవరి ప్రసంగము వాక్యమునకు దగ్గరగా ఉన్నది?

ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెను?

నాటినుండి నేను ఆ అధ్యాయమును మరల మరల చదివితిని. నా కన్నులు తెరచినది ఒక్క ప్రశ్న. మరుగున చేయుమను ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెను? ధర్మము చేయువానికి. ఇచ్చువాడు తన యీవిని దాచవలెనని ప్రభువు చెప్పెను. పుచ్చుకొన్నవాడు తాను పొందిన మేలును దాచవలెనని ఎక్కడ చెప్పెను? అప్పుపడినవాడు తన అప్పును దాచవలెనని ఎక్కడ చెప్పెను? ఎక్కడను చెప్పలేదు. ఆ వాక్యము నా శిలాఫలకము మీద పడవలసిన సుత్తె. నేను దానిని తీసికొని ఆ అవ్వ నోటికి మూతగా వేసితిని.

పౌలును చూడుడి. తన్ను గూర్చి చెప్పుకొనవలసి వచ్చినప్పుడు అవివేకివలె మాటలాడుచున్నానని సిగ్గుపడిన మనిషి. కాని రోమా పత్రిక పదునారవ అధ్యాయములో ఇతరుల పేర్లు చెప్పునప్పుడు ఆయన కలము ఆగదు. ఫీబే తనకును అనేకులకును సహాయురాలని చెప్పెను. ప్రిస్కిల్ల, అకులలు తన ప్రాణము కొరకు తమ మెడలను అపాయమునకు ఒప్పగించిరని చెప్పెను. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అను స్త్రీలు ప్రభువునందు ప్రయాసపడిరని చెప్పెను. ఆ పత్రికను వ్రాసిన చేయి తెర్తియుది. అతడు కూడ తన వందనము చెప్పుకొనుటకు పౌలు చోటిచ్చెను. ప్రభువును చూడుడి. బేతనియలో ఒక స్త్రీ అత్తరు బుడ్డి పగులగొట్టినప్పుడు, అది నష్టమని లెక్కలు కట్టినవారిని గద్దించి, సువార్త ప్రకటింపబడు ప్రతి చోట ఆమె చేసినది చెప్పబడునని ఆజ్ఞాపించెను. కానుకపెట్టె యొద్ద ధనవంతులు వేసినది ఎవరికిని చూపించలేదు. విధవరాలు వేసిన రెండు కాసులను శిష్యులను పిలిచి చూపించెను.

కావున లేఖనమంతటిలో ఉన్న క్రమము ఇది. మరుగున చేయుట సేవకుని ధర్మము. మరువకుండుట సంఘము ధర్మము. ఈ రెండును కలిసియున్న చోట క్రీస్తు శరీరము ఆరోగ్యముగా ఉండును. మనము రెంటిని తలక్రిందులు చేసితిమి. మన సేవను మనము మరువము. ఇతరుల సేవను మరుగున పెట్టుచున్నాము.

చెప్పబడు సాకులు

పెద్దలు కొందరు నాతో అనిరి: అయ్యగారూ, రాతి మీద పేరు వేయకపోయిన యెడల ఎవరును చందా ఇయ్యరు. అట్లయిన యెడల ఆ డబ్బు గుడికి వచ్చినదా, రాతికి వచ్చినదా? రాతి కొరకు ఇచ్చినవాడు రాయి పుచ్చుకొనెను, అతని లెక్క తీరినది. తాటాకు పాకలు వేసిన మన తాతలు, కూలి డబ్బులో అణా, ధాన్యములో పిడికెడు తెచ్చి ఇచ్చిరి. వారికి ఏ రాయి ఉన్నది? అయినను గుడి లేచినది.

మరి కొందరు అనిరి: జీతమిచ్చిన యెడల అది సేవ ఎట్లగును, పని అగును గదా! సోదరులారా, పనివాడు తన జీతమునకు పాత్రుడను వాక్యము మీకు తెలియును. ఎట్లు తెలియును? మా జీతము ఆలస్యమైనప్పుడెల్ల కాపరులమైన మేమే మీకు చదివి వినిపించుచున్నాము. కాపరికి ఒక వాక్యము, ఊడ్చువారికి మరియొక వాక్యమా? పొలము కోసిన కూలివాండ్ర జీతము బిగబట్టిన యెడల ఆ జీతమే మొఱ్ఱపెట్టునని, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చునని యాకోబు వ్రాసెను. పొలములో బిగబట్టినదే కేకవేసిన యెడల గుడిలో బిగబట్టినది ఊరకుండునా?

ఇంక కొందరు మెత్తగా అనిరి: ఆమెకు తగ్గింపు నేర్పవలెను గాని లెక్కలు నేర్పకూడదు. ఈ మాటయే నన్ను ఎక్కువగా భయపెట్టినది. తగ్గించుకొనుట వేరు, తగ్గింపబడుట వేరు. మన ప్రభువు తన్ను తానే రిక్తునిగా చేసికొనెను. మరియొకడు ఆయనను రిక్తునిగా చేయలేదు. తువాలు నడుమునకు కట్టుకొన్నది తానే. ఎవరును ఆయన చేత పట్టించలేదు. నీవు వంగిన యెడల అది తగ్గింపు. నీ సహోదరి మెడ వంచిన యెడల అది అన్యాయము. దానికి తగ్గింపు అని పేరు పెట్టిన యెడల అది అన్యాయముతో కూడ అబద్ధము.

మనలో అనేకుల తాతలు మాలపల్లెలోనుండి, మాదిగపల్లెలోనుండి వచ్చినవారే. ఊరివారు వారితో చెప్పిన మాట ఏమి? మీది క్రింది పని, అది మీ ధర్మము, ఓర్చుకొనుడి, ప్రతిఫలము వచ్చే జన్మములో అని గదా. ఆ మాట అబద్ధమని సువార్త చెప్పినందుననే వారు తలయెత్తిరి. ఇప్పుడు మన గుడిలో మనమే ఒక విధవరాలితో, నీది చిన్న పని, ఓర్చుకొనుము, ప్రతిఫలము పరలోకములో అని చెప్పిన యెడల మనము మార్చినది ఏమి? గోపురము మార్చితిమి. మాట మారలేదు.

ఫోటో కొరకు పట్టిన చేయి

మన ప్రాంతము సముద్రమునకు, కృష్ణకు మధ్య ఉన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను, మన తీరమును ముంచినది. పదివేలకు పైగా జనులు చనిపోయిరి. ఆ దినములలో ఉబ్బిపోయిన శవములను మోసి పూడ్చినవారు, కుళ్లిన పశువులను లాగి కాల్చినవారు ఎవరో వార్తలలో రాలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల యొద్దనే తీరము దాటినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజీ యొద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి రేపల్లె వైపు లంక గ్రామములు మునిగినవి.

ఇట్టి వేళలలో ఇప్పుడు సంఘముల పేరట బియ్యము, దుప్పట్లు పంచుచున్నాము. మంచిదే. కాని పంచు తీరు చూచితిరా? సంచి ఒక కొన పెద్దగారి చేతిలో, ఒక కొన బాధితుని చేతిలో. ఫోటో తీయువరకు విడువరు. సరిగా రాలేదని మరల పట్టించుదురు. తడిసిన చీరతో నిలిచిన తల్లి ఆకలి చూడదు, ఆ సెల్‌ఫోను వైపు చూడవలెను. ప్రభువు కాలమున వేషధారులు వీధులలో బూర ఊదించిరి. బూర మారినది, వేషము మారలేదు. ఆ తల్లికి ఇచ్చిన బియ్యము పది దినములలో అయిపోవును. ఆమె అవమానము మాత్రము ఫోనులో నిలిచియుండును.

లస్కరు

డెల్టాలో పుట్టినవారికి లస్కరు ఎవరో నేను చెప్పనక్కరలేదు. బెజవాడ యొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది, దాని తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది. వాటిని కట్టించిన ఘనుల పేర్లు అందరికిని తెలియును. కాని ఆ నీరు తెనాలి దాటి, రేపల్లె, బాపట్ల చివరి భూములకు చేరవలెనన్న యెడల రాత్రివేళ గట్టు మీద తిరిగి, తూము యొద్ద చెత్త తీసి, వేళకు షట్టరు ఎత్తి దించువాడు ఒకడు కావలెను. అతడు మేలుకొనియున్నన్ని దినములు అతని పేరు ఎవరికిని పట్టదు. ఒక్క రాత్రి నిద్రపోయిన యెడల ఊరంతయు అతని పేరు పలుకును. మరుగు సేవకుని గతి ఇదే. పని జరిగినన్నాళ్లు కనబడడు, ఆగిననాడు కనబడును. ఆగకమునుపే అతనిని చూచు కన్ను దేవుని కన్ను. అట్టి కన్ను సంఘమునకు కూడ ఉండవలెనని నా వాదము.

చేయవలసినది

ప్రియ సంఘస్థులారా, వ్యాజ్యెము వేసి తీర్పు అడుగకుండ పోవుట తగదు. ఈ నెలలోనే జమాఖర్చు పుస్తకము తెరువుడి. గుడి ఊడ్చువారికి, గంట కొట్టువారికి, ప్రేమవిందు డేగిసాలు తోమువారికి బాకీ ఉన్నదేమో చూడుడి. బాకీ ఉన్న యెడల అది తీరువరకు ఇటుక మీద ఇటుక పెట్టకుడి. మీ సంఘ చరిత్రలో ఉపదేశుల, బైబిలు స్త్రీల పేర్లు ఉన్నవా? లేని యెడల ముసలివారు బ్రదికియుండగానే అడిగి వ్రాసికొనుడి. వారు పోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు. బ్రదికియున్నవారి పేర్లు రాతి మీద చెక్కించుట మానుడి. పేదలకు ఇచ్చునప్పుడు ఫోను జేబులో ఉంచుకొనుడి. కాపరులారా, పెద్దలారా, నెలకు ఒక్క శనివారము మనము చీపురు పట్టుదము, మరుగుదొడ్డి కడుగుదము. అయితే ఆ శనివారము అవ్వ జీతము కోయకుడి! ఆ పనికి కూడ ఫ్లెక్సీ వేయకుడి!

నా సంగతి ముగించెదను. ఆ సాయంకాలమే పెద్దలను కూర్చితిని. వాదము పెరిగినది, ఇద్దరు లేచి పోయిరి. అయినను ఆమె బాకీ ఆ రాత్రికే తీర్చితిమి. తరువాత ఆదివారము సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొంటిని. ఆమెను ముందుకు పిలిచి శాలువా కప్పవలెనని ఒకరు అనగా నేను పోయి ఆమెను అడిగితిని. ఆమె నవ్వెను.

“శాలువా ఏం చేసుకుంటానయ్యా ఈ ఎండల్లో? చీపురు అరిగిపోయింది, కొత్తది కొనిపెట్టండి చాలు.”

చూచితిరా! మరుగున చేయుట ఆమెకు నేను నేర్పవలసినది కాదు. అది ఆమెకు ముందే వచ్చును. నేర్చుకొనవలసినది నేను. ఆమె జీతము ఇప్పుడు నెల మొదటి తేదీన అందుచున్నది. సంఘ పుస్తకములో ఆమె పేరు, ఆమె పనిచేసిన సంవత్సరములు వ్రాయబడినవి. నల్లరాతి మీద నా పేరు ఇంకను ఉన్నది. తీసివేయించవలెనంటే రాయి పగులునని మేస్త్రీ చెప్పెను. ఉండనిమ్ము. గుమ్మము దాటునప్పుడెల్ల అది నాకు ప్రసంగము చేయుచున్నది.

రహస్యమందు చూచుచున్న తండ్రి మన సేవను చూచుచున్నాడని మనము తరచుగా సంతోషించుచున్నాము. ఆయన మన బాకీలను కూడ చూచుచున్నాడని జ్ఞాపకము చేసికొందము. కనబడవలెనను ఆశను మనలో చంపి, కనబడనివారిని చూచు కన్నులను మనకు ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.